వైజాగ్‌లో హోమ్ కేర్‌గివర్‌గా చేరాలంటే: శిక్షణ, కాగితాలు, పని హద్దులు

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, లాసన్స్ బే, ఉక్కునగరం. బయటివాళ్లకు ఇవి వైజాగ్‌లో మంచి ఏరియాల పేర్లు. మా పనిలో ఉన్నవాళ్లకు మాత్రం పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, రిటైరైన అమ్మానాన్నలు ఇద్దరే మిగిలిన ఇళ్లు గుర్తొస్తాయి. ఒకరికి పక్షవాతం వస్తుంది, రెండోవారికి లేపే ఓపిక ఉండదు. అప్పుడు మనిషి కోసం వెతుకుతారు. ఆ పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపుల నుంచి బ్యాగు పట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగే అమ్మాయిలు చాలామందే. నేనూ అలా దిగినదాన్నే. పదకొండేళ్లు ఇళ్లలో డ్యూటీలు చేసి, ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. అందరూ మొదట అడిగేది ఒకటే: "అక్కా, దీనికి లైసెన్స్ కావాలా?"

అక్కర్లేదు. కేర్‌గివర్‌కు, అంటే ఇంట్లో పేషెంట్‌ను చూసుకునే మనిషికి, మన దేశంలో తప్పనిసరి లైసెన్స్ అంటూ ఏదీ లేదు. అయితే చాలా చట్టాలు పక్క నుంచి వచ్చి తగులుతాయి. వాటిలో కొన్ని మనల్ని కాపాడతాయి, కొన్ని ఇరికిస్తాయి. అవి ఏ వరుసలో చూసుకోవాలో చెబుతాను.

మొదటి పని: నర్సు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోండి

నర్సుకు చట్టం ఉంది. ఏఎన్‌ఎం రెండేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఇందులో ఏదో ఒకటి చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాళ్లే నర్సులు. తెల్లకోటు వేసుకున్నా, ఏజెన్సీ వాళ్లు "మా సిస్టర్‌ను పంపుతున్నాం" అని ఫోన్‌లో చెప్పినా, రిజిస్ట్రేషన్ లేకపోతే మీరు నర్సు కారు. ఎవరైనా మిమ్మల్ని అలా పరిచయం చేస్తే అక్కడికక్కడే సరిచేయండి. మాట రాకముందే చెప్పేస్తే ఇబ్బంది ఉండదు, ఏదైనా జరిగాక చెబితే ఎవరూ నమ్మరు.

స్నానం, స్పాంజింగ్, బట్టలు మార్చడం, డైపర్, బెడ్‌ప్యాన్, తినిపించడం, నడిపించడం, పక్క మార్చడం, బీపీ, జ్వరం, పల్స్, షుగర్ చూసి రాసిపెట్టడం మన పని. ఇంటివాళ్లు డబ్బాలో సర్ది పెట్టిన మాత్రలు వేళకు గుర్తుచేసి అందించడం కూడా మనదే. ఇంజెక్షన్, సెలైన్, ముక్కు పైపు వేయడం, యూరిన్ పైపు పెట్టడం, లోతు పుండుకు డ్రెస్సింగ్ నర్సు పని. వేసి ఉన్న పైపు ద్వారా తిండి పట్టడం, యూరిన్ బ్యాగు ఖాళీ చేయడం మాత్రం శిక్షణ తీసుకున్న కేర్‌గివర్ చేయొచ్చు.

చదువుతుంటే తేలిగ్గానే ఉంటుంది. కష్టం ఇంట్లో మొదలవుతుంది. సీతమ్మధారలో ఒక మామ్మగారి దగ్గర చేసేటప్పుడు, రోజూ ఇన్సులిన్ చేసే ఆవిడ కోడలు ఊరెళ్లారు. అబ్బాయిగారు అమెరికా నుంచి వీడియో కాల్‌లో, "పెన్నే కదమ్మా, నంబరు తిప్పి పొడవడమే, చేసేయండి" అన్నారు. చేయి వెళ్లబోయింది కూడా. అలవాటు కొద్దీ ముందు షుగర్ మిషన్ పెట్టి చూశాను. 68. అంటే అప్పటికే తక్కువ. 70 కంటే తగ్గితే ఇన్సులిన్ కాదు, ముందు చక్కెర కావాలి. మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, డాక్టరుగారికి ఫోన్ చేశాను. పెన్ను ఫ్రిజ్‌లోంచి తీయనే లేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ నన్ను ఇంజెక్షన్ చేయమని అడగలేదు.

రెండోది: శిక్షణ ఎక్కడ, ఎలాంటిది

చట్టం అడగకపోయినా సర్టిఫికెట్ లేకపోతే మంచి ఇళ్లు దొరకడం కష్టం. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ తయారు చేసిన కోర్సుల్లో మనకు పనికొచ్చేవి ముఖ్యంగా రెండు: జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్. మొదటిది ఆసుపత్రికీ పనికొస్తుంది, రెండోది అచ్చంగా ఇంటి పనికే. నన్నడిగితే మొదటిదే చేయమంటాను. ఇంటి డ్యూటీ పోయినా ఆసుపత్రి వార్డులో చేరొచ్చు. ఇవి కొన్ని నెలల కోర్సులు. పదో తరగతి పాసైతే చాలాచోట్ల తీసుకుంటారు. పద్దెనిమిది నిండకుండా మాత్రం ఈ పనిలోకి రావద్దు, ఎవరు రమ్మన్నా సరే.

డబ్బు కట్టకుండా నేర్చుకునే దారులు ఉన్నాయి. కేంద్రం 2015లో మొదలుపెట్టిన కౌశల్ వికాస్ యోజన ఒకటి, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ నడిపే శిక్షణలు ఇంకొకటి. పల్లెటూళ్ల నుంచి వచ్చేవాళ్లకైతే రాష్ట్ర ప్రభుత్వ ఉపాధి శిక్షణ సంస్థ సీడాప్ ద్వారా నడిచే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది. హాస్టల్, భోజనం కూడా వాళ్లే చూస్తారు. సాధారణంగా 35 ఏళ్ల వరకు, ఆడవాళ్లకు 45 వరకు అవకాశం ఉంటుంది. ఏ కోర్సు ఎక్కడ నడుస్తోందో స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ యాప్‌లో జిల్లా పేరు కొట్టి వెతకండి. ఎవరో ద్వారకానగర్‌లో ఆఫీసు తీసి "పదిహేను రోజుల్లో నర్సింగ్ సర్టిఫికెట్" అని బోర్డు పెడితే మెట్లు కూడా ఎక్కొద్దు.

ఇప్పటికే నాలుగైదేళ్లుగా ఇళ్లలో చేస్తున్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి చదవక్కర్లేదు. ఆర్‌పీఎల్ అని ఉంది. చేతిలో ఉన్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. కొన్నాళ్లు చిన్న తరగతి, తర్వాత పరీక్ష. భయపడాల్సింది లేదు. రోజూ చేసే పనినే పేరు పెట్టి చెప్పమంటారు.

శిక్షణ కేంద్రంలో చేరేముందు మూడు ప్రశ్నలు అడగండి. సర్టిఫికెట్ మీద ఎన్‌సీవీఈటీ (వృత్తి శిక్షణకు గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ) గుర్తు, క్యూఆర్ కోడ్ ఉంటాయా? డిజీలాకర్‌లో కనిపిస్తుందా? ఆసుపత్రిలో నిజమైన పేషెంట్ల దగ్గర ఎన్ని రోజులు నిలబెడతారు? మూడోదానికి నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. బొమ్మ మీద నేర్చుకున్న స్నానం వేరు, "చలేస్తోందే" అని చేయి పట్టుకునే మనిషికి చేయించే స్నానం వేరు.

కోర్సు అయ్యేసరికి చేతికి రావాల్సినవి ఏమిటో కూడా చెబుతాను, ఎందుకంటే సర్టిఫికెట్ ఉన్నా ఇవి రానివాళ్లను చూశాను.

మంచం నుంచి వీల్‌చైర్‌లోకి మార్చడం. పక్షవాతం వచ్చినవాళ్లకు కుర్చీ ఎప్పుడూ బాగా పనిచేసే చేయి వైపు పెట్టాలి. బ్రేకులు వేయాలి, కాళ్లు పెట్టే రేకులు పైకి మడవాలి. చంకల్లో చేతులు పెట్టి లేపకూడదు, పడిపోయిన చేయి పట్టి లాగకూడదు, భుజం జారిపోతుంది. మీ మోకాళ్లు వంచాలి, నడుము వంచకూడదు. "ఒకటి, రెండు, మూడు, లేద్దాం తాతగారూ" అని చెప్పి లేపండి. చెప్పకుండా లేపితే ఆయన బిగుసుకుపోతారు, బరువు రెట్టింపవుతుంది. మొదటి ఏడాదిలోనే నడుం పోగొట్టుకుని ఇంటికెళ్లిపోయిన అమ్మాయిలు ఉన్నారు, ఒక్క ఈ మెలకువ తెలియక.

పడక పుండ్లు రాకుండా చూడటం. రెండు గంటలకోసారి పక్క మార్చాలి: ఎడమ, వెల్లకిలా, కుడి. తోక ఎముక దగ్గర, మడమల దగ్గర, తుంటి దగ్గర రోజూ చూడాలి. ఎర్రగా ఉండి నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ రుద్దకూడదు. రాసిపెట్టి ఇంటివాళ్లకు చెప్పాలి.

ముక్కు పైపుతో తిండి పట్టేటప్పుడు తల వైపు ఎత్తి ఉంచాలి, పట్టాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. పైపు మీద ముక్కు దగ్గర పెట్టిన గుర్తు జరిగి ఉన్నా, దగ్గు మొదలైనా ఆపేసి నర్సును పిలవాలి. యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. సబ్బుతో చేతులు 40 నుంచి 60 సెకన్లు కడగాలి. గుండె ఆగితే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతున నొక్కాలి. ఒకరు నొక్కుతుంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి నొక్కండి.

మూడోది: మీ ఒంటి సంగతి

దీన్ని అందరూ వదిలేస్తారు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకోండి: ఈ రోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలలో ఒకటి. దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయించుకోండి, ముసలివాళ్ల దగ్గరకు దాన్ని తీసుకెళ్లకూడదు. వాడిన సూది గుచ్చుకుంటే పిండకండి. సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు కేజీహెచ్‌కు గానీ దగ్గర్లోని పెద్దాసుపత్రికి గానీ వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. షుగర్ చూసిన సూదుల్ని చెత్త కవర్లో వేయకండి. మందమైన ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టమని ఇంటివాళ్లకు చెప్పండి. రేపు ఆ కవర్ ఎత్తేది నగరపాలక సంస్థ జీవీఎంసీ వాళ్లలో ఇంకో అమ్మే.

నాలుగోది: కాగితాలు

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, టెన్త్ మెమో, కోర్సు సర్టిఫికెట్, డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ కాగితం, పాస్‌పోర్టు సైజు ఫోటోలు. జిరాక్సులే ఇవ్వండి. ఒక్కో జిరాక్సు మీద తేదీ, "ఫలానా ఇంట్లో పని కోసం మాత్రమే" అని అడ్డంగా రాసి సంతకం పెట్టండి. ఆధార్‌కైతే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ కాపీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. నా మొదటి ఏజెన్సీ వాళ్లు "సెక్యూరిటీ కోసం" అని టెన్త్ మెమో తీసుకున్నారు. మానేస్తానంటే నాలుగు నెలలు తిప్పారు. అడ్వాన్సు చేతిలో పెట్టి, అది తీరేదాకా కదలకూడదనడం ఇంకా ఘోరం. అలా అప్పు పేరుతో కట్టిపడేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నేరంగా చూస్తుంది.

పోలీస్ వెరిఫికేషన్ అడిగితే నొచ్చుకోవద్దు. పోలీస్ స్టేషన్లో చేయిస్తారు. మంచి ఇళ్లు అడుగుతాయి. మీరూ ఎదురు అడగండి: ఇంట్లో ఎవరెవరు ఉంటారు, రాత్రి ఎవరుంటారు, వాళ్ల ఫోన్ నంబర్లు. ఇంటి అడ్రసు మీ అమ్మకో అన్నకో పంపి పెట్టండి.

అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు తీసుకోండి. 2021లో మొదలైంది, 16 నుంచి 59 ఏళ్ల వాళ్లకు, రూపాయి ఖర్చు లేదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద బీమా, 436 రూపాయలతో జీవిత బీమా ఉన్నాయి. రెండూ రెండేసి లక్షలకు. నలభై లోపు వయసు, నెలకు 15 వేల లోపు ఆదాయం ఉంటే శ్రమయోగి మాన్‌ధన్‌లో చేరొచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే, అరవై దాటాక నెలకు మూడు వేలు పింఛను. మనం ముసలివాళ్లను చూసే పనిలో ఉన్నాం కదా, ఆ వయసులో చేతిలో డబ్బు లేకపోతే ఎలా ఉంటుందో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఐదోది: ఏజెన్సీయా, నేరుగానా

ఏజెన్సీ అయితే ఒక ఇంట్లో పని అయిపోగానే ఇంకో ఇల్లు చూపిస్తారు. గొడవైతే మాట్లాడే మనిషి ఉంటాడు. అందుకు డబ్బు తీసుకుంటారు. ఎంత తీసుకుంటున్నారో మీకు తెలియాలి. ఇంటివాళ్లు నెలకు 24 వేలు కడుతున్నారనుకోండి, మీ ఖాతాలో 15 వేలు పడితే మిగతా తొమ్మిది వేలు దేనికో అడగండి. అడిగితే డ్యూటీ తీసేస్తామంటే, ఆ డ్యూటీ తీసేసినా నష్టం లేదు.

పది మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ఏజెన్సీ అయితే, మీ జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉండాలి. జీతంలోంచి ముప్పావు శాతం కోస్తారు, వాళ్లు మూడుంపావు శాతం కలుపుతారు. ఇరవై మంది, అంతకంటే ఎక్కువ ఉంటే పీఎఫ్ కూడా. జీతంలో కోస్తూ కార్డు ఇవ్వకపోతే మీ డబ్బు వేరే జేబులోకి వెళ్తున్నట్టే. ఈఎస్ఐ నంబరు ఉంటే మల్కాపురంలోని ఈఎస్ఐ ఆసుపత్రిలో మీకు, మీ పిల్లలకు వైద్యం దొరుకుతుంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి కింద ఇలాంటి సంస్థలు నియామక పత్రం ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

నేరుగా ఇంట్లో చేరితే ఇవేవీ వాటంతట అవి రావు. ఇంటి పనివాళ్లకు విడిగా ఒక చట్టం ఆలోచించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. కనీస వేతనాల జాబితాలో ఇంటి పనివాళ్లను చేర్చిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఏప్రిల్, అక్టోబరుల్లో డీఏ (కరువు భత్యం) మారుతుంది కాబట్టి, చేరే నెలలో రేటు ఎంతుందో లేబర్ ఆఫీసులో అడిగి వెళ్లండి.

ఆరోది: ఒక పేజీ ఒప్పందం

"మనలో మనకి కాగితాలెందుకమ్మా" అంటారు. అనే వాళ్లు మంచివాళ్లే కావచ్చు, అయినా రాయించుకోండి. స్టాంపు పేపరు లేకపోయినా పర్వాలేదు, తెల్లకాగితం మీద ఇద్దరి సంతకాలు చాలు. డ్యూటీ ఎన్ని గంటలు, ఇరవైనాలుగు గంటలైతే నిద్రకు ఎన్ని గంటలు, వారంలో సెలవు ఏ రోజు, జీతం ఎంత, ఏ తేదీన, బ్యాంకులోనా చేతికా, భోజనం ఎవరిది, పడుకునే చోటు ఎక్కడ, బాత్రూమ్ ఏది, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. వీటితో పాటు ఒక లైను తప్పనిసరిగా: "వంట, అంట్లు, ఇల్లు తుడవడం పేషెంట్ వరకే." ఈ లైను లేని ఇళ్లలో మూడో వారానికల్లా చేపలు కూడా మనమే కడుగుతాం.

ఏడోది: మొదటి రోజు, డ్యూటీ పుస్తకం

వెళ్లగానే ఇల్లు తిరిగి చూడండి. మందుల డబ్బా, డాక్టరు నంబరు, దగ్గరి ఆసుపత్రి, మెయిన్ స్విచ్, గ్యాస్ నాబ్. ఆక్సిజన్ మిషన్ ఉంటే కరెంటు పోతే ఏం చేస్తారో అడగండి. నేను పనిలో చేరిన ఏడాదే, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు. మా పెదవాల్తేరు ఇంట్లో మిషన్ ఉంది, సిలిండర్ లేదు. ఆ రాత్రి సంగతి ఇప్పుడు చెప్పను గానీ, అప్పటి నుంచి సిలిండర్ ఎక్కడుందని అడగకుండా ఏ ఇంట్లోనూ చెప్పులు విప్పలేదు.

రెండొందల పేజీల నోట్‌బుక్ కొనండి. రోజుకో పేజీ. సమయం, తిన్నది, తాగిన నీళ్లు, యూరిన్ ఎంత, బీపీ, షుగర్, పక్క మార్చిన వేళలు, ఇచ్చిన మాత్రలు, పడిపోతే ఎప్పుడు, ఎవరికి ఫోన్ చేశారు. అక్షరాలు బాగోకపోయినా ఫరవాలేదు. రాత్రి డ్యూటీకి ఇంకో అమ్మాయి వస్తే ఇద్దరూ సంతకం పెట్టాలి. బంగారం, డబ్బు, ఏటీఎం కార్డు ఏ రూపంలోనూ చేతిలోకి తీసుకోవద్దు. మామ్మగారు ప్రేమగా ఉంగరం ఇచ్చినా, పిల్లలకు ఫోన్ చేసి చెప్పాకే. పనిమనిషి చేసిన దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు ఉంటుంది. చేయని తప్పుకు ఇరుక్కోకుండా ఉండటానికి ఆ పుస్తకమే సాక్షి. ఆవిడకు కాస్త మతిమరుపు ఉంటే మరీ ముఖ్యం. ఎక్కడో దాచి మర్చిపోతారు, తీసింది మనమంటారు.

లైంగిక వేధింపులు ఎదురైతే: 2013 చట్టం ఇంటి పనివాళ్లకూ వర్తిస్తుంది. పదిమంది పనివాళ్లు లేని చోట్లకు జిల్లాలో కలెక్టరు ఏర్పాటు చేసే లోకల్ కమిటీ ఉంటుంది. మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. రాయడం రాకపోతే రాసిపెట్టడానికి సాయం చేయాల్సింది వాళ్లే. ఆ క్షణానికైతే 112, లేదా మహిళా హెల్ప్‌లైన్ 181, లేదా ఫోన్‌లో పోలీసుల శక్తి యాప్. జీతం పోతుందని ఆగొద్దు. ఎదురు దిశలో, ఇంట్లో పెద్దవాళ్లనే ఎవరైనా కొడుతున్నారనో తిండి పెట్టడం లేదనో మీరు చూస్తే, 14567 ఎల్డర్‌లైన్‌కు చెప్పొచ్చు.

విదేశాలకు వెళ్లాలనుకుంటే

దీని గురించి విడిగా ఒక పుస్తకమే రాయొచ్చు, ఇక్కడ ముఖ్యమైనవి మాత్రమే. గల్ఫ్‌కు ఇంటి పని పేరుతో వెళ్లేటప్పుడు, టెన్త్ పాసవని వాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి దేశం దాటడానికి ప్రభుత్వ అనుమతి, కావాలి. ముప్పై ఏళ్లలోపు ఆడవాళ్లకు ఇంటి పనికి అది ఇవ్వరు. విజిటింగ్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందామనే ఏజెంటు మాట వినకండి. ఏజెంటు పేరు కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్‌ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగేది 30 వేలు, దానిపై జీఎస్టీ, అంతే. విదేశీ ఉద్యోగాలకు పంపే ఓంక్యాప్ అనే సంస్థ రాష్ట్రప్రభుత్వానిదే ఉంది. జపాన్ అయితే భాష పరీక్షతో పాటు కేర్ పని పరీక్ష కూడా రాయాలి.

చివరిది: మానేసేటప్పుడు

చేరడం కంటే దీనికే జాగ్రత్త కావాలి. భారతీయ న్యాయ సంహితలో 357 అని ఒక సెక్షన్ ఉంది, ఏజెన్సీల్లోనే చాలామందికి తెలియదు. జబ్బుతోనో, ఒంటి బలహీనతతోనో, మతిస్థిమితం లేకో నిస్సహాయంగా ఉన్న మనిషిని చూసుకుంటామని ఒప్పందం చేసుకుని, కావాలని ఆ పని వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. సీనియర్ సిటిజన్ల చట్టం 2007లోని 24వ సెక్షన్ కూడా, తన సంరక్షణలో ఉన్న పెద్దవాళ్లను పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడైనా విడిచిపెడితే అంతే శిక్ష వేస్తుంది. జీతం రెండు నెలలు ఇవ్వకపోయినా, గొడవైనా, పేషెంట్ మంచం మీద ఉండగా తాళం వేసి వచ్చేయకూడదు. మెసేజ్ పెట్టండి: తేదీ, కారణం, ఎన్ని రోజుల్లో మానేస్తున్నారో. ఆ గడువు దాటినా ఇంకో మనిషిని పెట్టకపోతే ఇంటివాళ్లకు, ఏజెన్సీకి మళ్లీ మెసేజ్ పెట్టి, చుట్టమో పక్కింటివాళ్లో వచ్చేదాకా ఉండి, వాళ్ల ఎదురుగా బయల్దేరండి.

వెళ్లే రోజు డ్యూటీ పుస్తకంలో చివరి పేజీ తీయండి. ఆ పూట బీపీ, షుగర్, మిగిలిన మాత్రలు ఎన్నో లెక్క, బీపీ మిషన్, షుగర్ మిషన్, తాళాలు. కొత్తగా వచ్చిన అమ్మాయిని ఒకసారి మంచం దగ్గరకు తీసుకెళ్లి, పక్క మార్చడం మీరు చేసి చూపించండి, తర్వాత ఆమెతో చేయించండి. తాతగారికి ఏ చేయి పట్టుకుంటే నొప్పో చెప్పండి. ముగ్గురి సంతకాలు అయ్యాక ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకుని, పుస్తకం వాళ్ల టేబుల్ మీద పెట్టి రండి.